నలభై గ్రాముల బూట్లు

ఫిబ్రవరి పదకొండు. ఆ మధ్యాహ్నం నేను తిన్నది రెండు ఉడికించిన గుడ్లు, రెండు రొట్టె ముక్కలు, సగం టమాటా. మిగతా సగం అమ్మాయి కోసం పళ్లెంలో ఉంచితే తను తినలేదు, సాయంత్రానికి అది నీరు కారిపోయింది. ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. గుడ్డు పెంకు పొర అంటుకున్న వేలితోనే ఫోన్ మీద ఆ నల్ల బూట్ల బొమ్మ నొక్కాను, అది పని చేయలేదు, వేలు చొక్కాకు తుడుచుకుని మళ్లీ నొక్కాను. మొదటిసారి పని చేయనప్పుడే ఊరుకుని ఉంటే బాగుండేది అని ఇరవై మూడు రోజుల తర్వాత, ఈ పార్సిల్ ఆఫీసులో గోడవార కుర్చీలో కూర్చుని అనుకుంటున్నాను. కుర్చీకి ఒక కాలు పొట్టిది. ఎవరో దాని కింద అట్ట మడిచి పెట్టారు. ఎవరో తెలియదు గాని, తన తర్వాత కూర్చునేవాడు పడిపోకూడదనుకున్న మనిషి.

గోడ గడియారం ఆరూ పది చూపిస్తోంది. ఆఖరి వ్యాను ఆరూ నలభై అయిదుకి వస్తుందట. ఏడింటికి ఈ ఆఫీసు మూస్తారు. మా ఇంటి దగ్గరి పనిబట్టల దుకాణం ఏడున్నరకి మూస్తారు. రేపు పొద్దున ఆరింటికి మా అమ్మాయి ఆస్పత్రి వంటశాలలో కొత్త పనిలో చేరాలి, అడుగున జారని, ముందు మూసి ఉన్న నల్ల బూట్లు లేకపోతే గుమ్మం దగ్గరే వెనక్కి పంపేస్తారు, ఆమె వెనక వరసలో ఇంకో పదకొండు మంది ఉన్నారని కాగితంలోనే రాశారు. ఈ వేళలన్నీ నా తలలో గుండ్రంగా తిరుగుతున్నాయి. ఇప్పుడే ఫోన్ చేసి, అమ్మా, ఆ బూట్లు రావు, నువ్వు దుకాణానికి వెళ్లిపో అని చెప్పొచ్చు. చెప్పడానికి పట్టేది ఒక్క నిమిషం. నేను చెప్పకుండా వ్యాను కోసం కూర్చున్నాను. రొట్టె తెస్తానని ఇంట్లోంచి వచ్చాను కాబట్టి పక్కన రొట్టె పొట్లం కూడా ఉంది, అబద్ధానికి సాక్ష్యంగా.

ఆమెవి వాళ్లమ్మ పాదాలు. ఎడమది ఆరో నంబరు, కుడిది అయిదు. చూస్తే తెలియదు, నడిస్తే తెలియదు, బూట్లు కొనేటప్పుడే తెలుస్తుంది. నా భార్య ఎప్పుడూ రెండు జతలు కొనేది, ఆరులోంచి ఎడమది, అయిదులోంచి కుడిది తీసుకునేది. మిగిలిన రెండూ అటక మీదికి పోయేవి. అటక మీద అలాంటివి కొత్తవి కొత్తగానే ముసలివైపోయాయి. "ఎక్కడో ఒకావిడ ఉంటుందండీ, నాకు తిరగేసిన మనిషి," అనేది, "కుడి ఆరు, ఎడమ అయిదు. ఆవిడ దొరికితే ఇద్దరం కలిసి షాపింగుకి వెళ్తాం, మీరు ఇంట్లో కూర్చుని తూచుకోండి." బస్సులో ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ల కాళ్లు చూసేది. ఆవిడేమో అనుకుని ఒకసారి ఒకామెను నిజంగానే అడిగింది. ఆమె భయపడి తర్వాతి స్టాపులో దిగిపోయింది. ఆ రోజు మేమిద్దరం ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం, తాళం చెవి తలుపుకి పెట్టలేనంతగా.

అమ్మాయికి రెండు జతల ఖర్చు నచ్చదు. పాత క్యాంటీన్లో పనిచేసినప్పుడు ఆరో నంబరు జత ఒక్కటే కొనుక్కుని కుడి బూటు ముందు భాగంలో దూది కుక్కుకునేది. తడి నేల మీద ఒకరోజు ఆ కాలు బూటులోపలే జరిగింది. చేతిలో మరిగే సూపు గిన్నె. మణికట్టు నుంచి మోచేతి దాకా ఇప్పటికీ ఆ చర్మం నున్నగా, మరొకరి చర్మంలా ఉంటుంది. ఆ క్యాంటీన్ వాళ్లు మందుల ఖర్చు ఇచ్చి, ఆమెను మళ్లీ రానక్కర్లేదన్నారు. పధ్నాలుగు నెలలు ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అనకూడదు, ఇల్లంతా మూడుసార్లు కడిగింది, నా పుస్తకాలు ఎత్తు ప్రకారం సర్దింది, ఉల్లిపాయలు ఇంట్లో ఇద్దరికి కాక ఇరవై మందికి తరిగినంత వేగంగా తరిగి, ముక్కల ముందు నిలబడిపోయేది. ఈ పని దొరికిన రోజున ఆమె అన్నది ఒక్కటే. "దూది పెట్టను నాన్నా. ఈసారి నా కాలికి సరిపోయేవే వేసుకుంటా."

అప్పుడే ఆ ముసలాయన కనిపించాడు నా ఫోన్‌లో. తోలు ఏప్రన్, నుదుటి మీదికి నెట్టుకున్న కళ్లద్దాలు. 'నా భార్య పోయింది. ఇద్దరం కలిసి ముప్పై ఒక్క ఏళ్లు నడిపిన దుకాణం మూసేస్తున్నాను. మిగిలిన బూట్లన్నీ పావు ధరకే.' పావు ధర నేను చూడలేదంటే ఎవరూ నమ్మరు గాని, నేను చూసింది ఆయన వెనక కొక్కేనికి వేలాడుతున్న ఆడవాళ్ల కోటు. ఆయన దాన్ని తీయలేదు. నేనూ మా గుమ్మం పక్కన నా భార్య గొడుగు తీయలేదు, వానొస్తే నా గొడుగు చిల్లు పడినా దాన్ని ముట్టుకోను. కొక్కేనికి కోటు ఉంచుకున్న మనిషి మోసం చేయడని నాకెందుకనిపించిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. ఆయనకు రాశాను. ఎడమ ఆరు, కుడి అయిదు కలిపి ఒక జతగా ఇవ్వగలరా, నా కూతురి కోసం, దుకాణం మూసేస్తున్నారు కాబట్టి ఎలాగూ విడి బూట్లు మిగులుతాయి కదా అని. గంటలో జవాబు వచ్చింది. 'తప్పకుండా. మీ అమ్మాయి కోసం నా చేతులతో ఏరి పెడతాను.' జీవితంలో మొదటిసారి, మా ఇంట్లోకి జతగా పుట్టిన జత రాబోతోందని, నేను మిగిలిన టమాటా సంగతి మరిచిపోయాను.

హెల్మెట్ పెట్టుకున్న ఒకాయన లోపలికి వచ్చాడు. హెల్మెట్ తీయలేదు. కౌంటర్ దగ్గరి ఆమె, నలభై ఏళ్లుంటాయి, జుట్టులో పెన్సిల్ గుచ్చుకుని ఉంది, ఒక చిన్న పొట్లం ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చూసి, చేత్తో ఎత్తి చూసి, అక్కడే చింపాడు.

"డ్రిల్లింగ్ మిషన్ బుక్ చేశానమ్మా," అన్నాడు. పొట్లంలోంచి నల్ల కళ్లద్దాలు తీశాడు. "ఇవేంటి? ఇవి పెట్టుకుని గోడకేసి ఉరిమి చూస్తే కన్నం పడుతుందా?"

"నన్నడిగితే ఏం చెప్పను అన్నయ్యా. ఈ వారంలో మీరు ఆరో ఆయన. నిన్న ఒకావిడ కుట్టుమిషన్ బుక్ చేస్తే సూది వచ్చింది."

"సూదా? మరి దారం?"

"దారం రాలేదు. అది మళ్లీ బుక్ చేయాలేమో."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. హెల్మెట్ లోపలి నుంచి ఆ నవ్వు బకెట్లో నవ్వినట్టు వచ్చింది. "మా ఆవిడకి చెప్పకండమ్మా. నీకు బుర్రే లేదు, హెల్మెట్ దేనికి అంటుంది." కళ్లద్దాలు హెల్మెట్ సందులోంచి దూర్చి పెట్టుకున్నాడు, నా వైపు తిరిగి, "ఎలా ఉన్నాను పెద్దాయనా?" అన్నాడు. బాగున్నారన్నాను. వెళ్తూ వెళ్తూ జేబులోంచి ఒక పిప్పరమెంటు తీసి నా చేతిలో పెట్టాడు, నా మొహంలో ఏం చూశాడో. చీకటి పడుతున్న వీధిలో నల్లద్దాలతో బండి ఎక్కి, ఒక్క క్షణం ఆగి, వాటిని తీసి జేబులో వేసుకున్నాడు. గోడకు కన్నం పడకపోతే పటం ఇంకో రోజు తగిలించుకోవచ్చు. ఆయన నవ్వగలడు.

ఆరూ ఇరవై అయిదు. ఫోన్ తీశాను, పెట్టేశాను.

"మీదేం పార్సిల్ బాబాయి గారూ?" అంది పెన్సిల్ ఆమె.

"బూట్లమ్మా."

"ఎవరి దగ్గర తీసుకున్నారు?"

"తెలిసినాయన దగ్గర." ఆ మాట నా నోటి నుంచి వచ్చాక నాకే విచిత్రంగా అనిపించింది. తెలిసినాయన. మనిషి గొంతు తెలియదు, ఊరు తెలియదు. పార్సిల్ నంబరు చెప్పమంది, చెప్పాను, ఫోన్లో చూడకుండానే పన్నెండు అంకెలూ వరసగా. ఆమె కంప్యూటర్‌లో కొట్టింది. కొట్టాక తెరను చూసింది, తర్వాత నన్ను చూసింది, తర్వాత టేబుల్ ఫ్యాను నా మెడకు తగలకుండా పక్కకు తిప్పింది. చెడు వార్త చెప్పేముందు మనుషులు ఏదో ఒకటి సర్దుతారు.

"ఇది ఇవాళ మూడూ పదికే ఇచ్చేసినట్టు ఉంది. మీ వీధిలో కాదు, రైల్వే గేటు అవతల. వాళ్లు చేసేది అదే బాబాయి గారూ, మన ఊళ్లో ఎవరికో ఏదో ఒక ముక్క పంపుతారు, ఆ నంబరు మనకి ఇస్తారు. అందింది అని రాసి ఉంటుంది కాబట్టి ఇంక మనం ఎక్కడ మొత్తుకున్నా వినరు." తెర నా వైపు తిప్పి, "బరువు కూడా చూడండి. నలభై గ్రాములు," అంది.

చూడక్కర్లేదు. ఆ బరువు నేను ఎనిమిది రోజుల క్రితమే చూశాను.

ముప్పై మూడేళ్లు తూనికలు కొలతల శాఖలో పని చేశాను నేను. మఖమల్ పరిచిన చెక్కపెట్టెలో ఇత్తడి తూకం రాళ్లు ఉండేవి, వాటిని వేలితో ముట్టుకోకూడదు, చెమట కూడా బరువే, చిన్న పట్టకారుతో తీసి పెట్టాలి. దుకాణాల్లో రాయి తిరగేసి, అడుగున సీసం తీసేసి మైనం నింపారేమో చూసేవాడిని. త్రాసు పళ్లెం కింద అంటించిన అయస్కాంతం కోసం చేతిని చీకట్లో పోనిచ్చి తడిమేవాడిని. పదిహేను గ్రాముల తేడా నా అరచేతికి తెలిసేది. పెన్సిలు ఎత్తి ఇది ఆరు గ్రాములు అంటే ఆఫీసులో పందెం కాసేవాళ్లు. ఇంట్లో నా పేరే గ్రాముల సారు. "గ్రాముల సారు వచ్చారు, భోజనం తూచి పెట్టనా, చూసి పెట్టనా?" అనేది నా భార్య. చూసి పెట్టు అనేవాడిని, తను చూసి పెడితే ఎప్పుడూ ఎక్కువే వచ్చేది. అలాంటివాడిని, ఫిబ్రవరి ఇరవై ఆరున, నంబరు వచ్చిన రోజునే, తెర మీద బరువు నలభై గ్రాములు అని చదివాను. ఒక గుడ్డు కన్నా తక్కువ. అయిదో నంబరు పనిబూటు ఒక్కటే నాలుగు వందలు ఉంటుంది. నాకు తెలుసు. అరచేతికి తెలుసు. అయినా నేను చేసిన పని చూడండి. సున్నా ఒకటి పడిపోయి ఉంటుంది అనుకున్నాను. నాలుగు వందలే అయితే అది ఒక్క బూటే కదా అని నాకు నేనే అడ్డు ప్రశ్న వేసుకుని, నంబర్లు వేరు కాబట్టి ఎడమది ఒక పెట్టెలో కుడిది ఒక పెట్టెలో పంపుతున్నాడేమో అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. ఇంత తెలివైన సాకు నాకు ఏ దుకాణదారూ ఎన్నడూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజే త్రాసు జప్తు చేసేవాడిని.

అమ్మాయి రెండుసార్లు అడిగింది. ఒకసారి గిన్నెలు తుడుస్తూ, "వస్తాయా నాన్నా? అనుమానంగా ఉంటే చెప్పు, నేను వేరే చూసుకుంటా." వస్తాయన్నాను. ఇంకోసారి మొన్న రాత్రి భోజనం దగ్గర, అడగలేదు, నా వైపు చూసింది అంతే. ఆయన నాకు స్వయంగా రాశాడమ్మా, అన్నాను. అది నిజమే. అన్నీ నిజాలే చెప్పాను ఒక్కటి తప్ప.

"ఆ ముసలాయన బొమ్మ నాకూ వచ్చిందిలెండి," అంటోంది పెన్సిల్ ఆమె, కాగితాలు సర్దుతూ. "ఏప్రన్ వేసుకుని, కళ్లద్దాలు ఇక్కడికి తోసుకుని, ఆయనే కదా? మొన్నామధ్య దుప్పట్లు అమ్మాడు. అంతకు ముందు గోడ గడియారాలు. అన్నింటికీ భార్య పోయిందనే రాస్తాడు."

"వెనక కోటు ఉందా?" అన్నాను.

"ఏం కోటు?"

"కొక్కేనికి."

ఆలోచించింది. "ఉంది," అంది. "గోధుమ రంగుది."

ఆరూ ముప్పై నాలుగు. ఇప్పుడైనా లేవొచ్చు. ఇప్పుడు లేస్తే ఏడూ అయిదుకల్లా దుకాణం దగ్గర ఉంటాను. పెన్సిల్ ఆమె మాత్రం, నా మొహం చూసి అయి ఉంటుంది, "వ్యాను రానివ్వండి, దాన్లో కూడా చూద్దాం, ఒక్కోసారి తప్పు రాస్తారు," అంది. అది దయ. ఆ దయను నేను గట్టిగా పట్టుకున్నాను, పట్టుకోకూడదని తెలిసీ. ఎందుకంటే బూట్లు రాకపోతే ఆయన లేడు. ఆయన లేకపోతే నేను రాసిన ఉత్తరాలు ఎవరికి రాశాను? మూడు రాశాను. మొదటిది బూట్ల గురించి. రెండోది, జవాబు బాగుంది కాబట్టి, దుకాణం మూసేముందు కోటు ఎక్కడ పెడతారో ముందే ఆలోచించుకోండి, చివరి రోజున ఆలోచిస్తే కష్టం అని. మూడోది పొడవైనది. దానికి ఆయన, లేదా ఎవరో, లేదా ఏదో ఒక యంత్రం, 'మీ మాటలు నాకు బలాన్నిచ్చాయి, మీ ఆర్డరు మాకు ముఖ్యం' అని రాసింది. రెండు వాక్యాలకు మధ్య అతుకు నాకు కనిపించలేదు. బలాన్నిచ్చాయి అన్న చోటే ఆగిపోయాను.

మూడో ఉత్తరంలో రాసింది ఇది. ఆస్పత్రిలో ఆఖరి సాయంత్రం నా భార్య ఇంటికి వెళ్దాం అంది. వెళ్దాం అన్నాను. వెళ్దామంటే బూట్లేవి అంది, తనే నవ్వింది, నవ్వితే దగ్గు వచ్చింది. మంచం కింద సంచిలో ఉన్నాయి. ఎడమ ఆరు, కుడి అయిదు. దుప్పటి పాదాల దగ్గర ఎత్తి తొడిగాను. కాళ్లు వాచి ఉన్నాయి, రెండూ ఒకే సైజు అయిపోయినట్టు, ఆ జబ్బు చేసిన ఒక్క మేలు అదేనేమో. తొడిగాక ఆమె వేళ్లు లోపల కదిపింది, తోలు మీద ఆ కదలిక నాకు తెలిసింది. హాయిగా ఉందండీ, అంది. దుప్పటి కప్పాను. రాత్రి డ్యూటీ నర్సు చూసింది, ఏమిటిది అన్నట్టు నోరు తెరిచి, మూసేసి, దీపం తగ్గించి వెళ్లింది. తెల్లవారేలోపు అయిపోయింది. పొద్దున అమ్మాయి వచ్చి దుప్పటి తీసి బూట్లు చూసింది. ఆ నర్సు మీద విరుచుకుపడింది. "మనిషి మంచాన ఉంటే బూట్లు కూడా విప్పరా? పశువులా మీరు?" అని వార్డంతా వినబడేలా. నర్సు నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఆ నర్సు పిల్ల నా మాట ఎత్తకుండా వంగి లేసులు విప్పింది. ఇప్పటికి రెండేళ్లు. ఆస్పత్రుల మాట వచ్చినప్పుడల్లా అమ్మాయి ఆ బూట్ల సంగతి చెప్పి మండిపడుతుంది, రేపటినుంచి ఆస్పత్రిలోనే పని, అయినా మొన్న కూడా అంది, వాళ్లమ్మకి జరిగినట్టు ఇంకెవరికీ జరగకుండా కనీసం అన్నం అయినా వేడిగా పంపిస్తానని. ఇన్నాళ్లలో ఆమెకు చెప్పలేనిది, కొక్కేనికి కోటున్న ఒక బొమ్మకు, మధ్యాహ్నం రెండింటికి కూర్చుని, తప్పులు దిద్దుకుంటూ రాశాను.

వ్యాను వచ్చింది. ఆరూ నలభై ఏడు. వెనక తలుపు తెరిచిన చప్పుడు, సంచులు పడిన చప్పుడు. పెన్సిల్ ఆమె ఒక్కొక్కటీ తీసి పేర్లు చదువుతోంది, పైకే చదువుతోంది, నా కోసం. ఒక పెద్ద పెట్టె, ఒక గొట్టం, నాలుగు కవర్లు, మళ్లీ ఒక పెట్టె, దాని ఆకారం చూసి నేను లేచి నిలబడ్డాను, అది ఎవరిదో టేబుల్ ల్యాంపు. ఆఖరి సంచి దులిపి చూపించింది. అందులోంచి చిన్న దుమ్ము, ఒక రబ్బరు బ్యాండు పడ్డాయి.

అప్పుడొక విచిత్రమైన సంగతి జరిగింది నాలో. ఆ ముసలాయన లేడు సరే, కోటు వేసుకునే ఆవిడ కూడా లేదు కదా. అంటే ఆవిడ చనిపోలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఎవరి పక్కనో నిలబడి, ఒక ఉదయం నిలబడకుండా పోయిన ఆవిడ ఎవరూ లేరు. మూడు వారాలుగా పళ్లు తోముకుంటూ, బస్సు కోసం నిలబడి నేను జాలిపడ్డ ఆ మరణం జరగలేదు. లోకంలో ఒక చావు తగ్గింది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. పెన్సిల్ ఆమె బూట్ల కోసం అనుకుంది. "ఊరుకోండి బాబాయి గారూ," అంది, "పోలీసులకు రాయించండి, నేను కూడా చెప్తాను వచ్చి." రాయిస్తానన్నాను. కౌంటర్ మీది గిన్నెలో పిన్నులున్నాయి, వాటిని చూస్తూ అమ్మాయికి ఫోన్ చేశాను. ఆరూ యాభై.

"ఎక్కడున్నావు నాన్నా? రొట్టె కోసం వెళ్లి గంటయింది. పిండి నువ్వే పిసుకుతున్నావా?"

"పార్సిల్ ఆఫీసులో ఉన్నానమ్మా. బూట్లు రావు."

అవతల కుళాయి ఆగింది.

"ఇవాళ రావా? అసలే రావా?"

"అసలే రావు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఇప్పుడే అనొచ్చు. పెన్సిల్ ఆమె సాక్షి, వ్యాను సాక్షి, ఎవరూ కాదనరు.

"ఎనిమిది రోజులైంది. బరువు చూశాను."

గిన్నె గట్టు మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత, "షాపు ఏడున్నరకి మూస్తారు. నేను వెళ్తున్నా," అని పెట్టేసింది. నన్ను రమ్మనలేదు. వద్దనలేదు.

నేను ఎంత వేగంగా నడవగలనో నాకు తెలియదు, చాలా ఏళ్లుగా నడిచి చూసుకోలేదు. కదులుతున్న బస్సును చెయ్యెత్తి ఆపితే డ్రైవరు ఆపాడు, ఎక్కాక, "మీరు ఎక్కేదాకా మీ రొట్టె నలిగిపోకూడదని ఆపాను, మీ కోసం కాదు," అన్నాడు. కిటికీ పక్కన నిలబడి దీపాలు లెక్కపెట్టకుండా ఉండడానికి ప్రయత్నించాను. ఒక సిగ్నలు దగ్గర ఎర్రదీపం ఎప్పటికీ మారదనిపించింది. ఏడున్నర అయితే ఆమె పొద్దున ఆ పాత క్యాంటీన్ బూట్లే దూది కుక్కి తొడుక్కుని వెళ్తుంది, గుమ్మం దగ్గర ఎవరో కింద చూసి తల అడ్డంగా ఊపుతారు, లేదా చూడకుండా పోనిస్తారు, తడి నేల, సూపు గిన్నె, ఇంకో చెయ్యి. ఆ రెండో చెయ్యి కూడా నున్నబడడం నాకు కనిపిస్తోంది. బస్సు దిగాక పరిగెత్తాను. పరిగెత్తాను అంటే నవ్వుతారు గాని, నా మటుకు అది పరుగే.

ఏడూ ఇరవై మూడు. దుకాణం దీపం వెలుగుతోంది. అమ్మాయి బల్ల మీద కూర్చుని ఉంది, దుకాణం ఆవిడ నేల మీద మోకాళ్లూని ఆమె పాదాలు కొలుస్తోంది. ఆవిడకు కథ ఏమీ లేదు, తగ్గింపు కూడా లేదు, మెడలో కొలతల టేపు, మొహంలో ఇంటికి వెళ్లాలన్న తొందర. "రెండు జతలూ తీసుకోవాల్సిందే. విడదీసి అమ్మను," అంది. "తెలుసండీ," అంది అమ్మాయి. దుకాణంలో ఒక మూల నున్నటి టైలు పరిచి ఉంది, పక్కన చెంబుతో నీళ్లు. ఆవిడ ఆ నీళ్లు టైలు మీద పోసి, రెండు చుక్కల నూనె కూడా వేసి, "నడవండి," అంది. అమ్మాయి ఎడమ ఆరు, కుడి అయిదు వేసుకుని దాని మీద నడిచింది. ఆగింది. మడమ మీద బరువు వేసి కావాలనే తోసి చూసింది. మళ్లీ నడిచింది, చేతుల్లో గిన్నె ఉన్నట్టు మోచేతులు మడిచి. నేను గుమ్మంలో రొట్టె పొట్లంతో నిలబడి ఆమె మడమలే చూశాను.

"జారట్లేదు," అంది, ఆవిడతో.

ఇంటికి నడిచి వచ్చాం. నేను రెండు పెట్టెలూ పట్టుకుంటానంటే ఒకటి ఇచ్చింది. తను కోపంగా ఉన్నప్పుడు వేగంగా నడుస్తుంది, ఇవాళ నాతో సమానంగా నడిచింది, అది కోపం లేకనో, నా ఊపిరి వినబడో. ఇంట్లో రొట్టె కోసింది, సగం నాకు పెట్టింది, కొత్త బూట్లు వేసుకుని వంటింట్లో అటూ ఇటూ నడుస్తూ తోలు మెత్తబడనిచ్చింది. తొమ్మిది కాకముందే, నాలుగున్నరకు లేవాలి కాబట్టి, తన గది గుమ్మం దగ్గర ఆగింది.

"నేను అడిగితే చెప్తావని అనుకున్నా నాన్నా. రెండుసార్లు అడిగా."

"అవునమ్మా."

"రేపు నేను వెనక్కి వచ్చేసి ఉంటే?"

నేను ఆమెకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అది చెప్పడానికి ఇది సమయం కాదని, పొద్దున ఆమె ఒక ఆస్పత్రిలోకి అడుగు పెట్టాలని, ఇంకో రోజు చూడొచ్చని నా లోపలి సాకులవాడు అప్పుడే లేచి కూర్చున్నాడు.

"ఆస్పత్రిలో అమ్మ కాళ్లకు ఆ బూట్లు నర్సు వదిలేసినవి కాదు తల్లీ. నేనే తొడిగాను. ఇంటికి వెళ్దామంటే తొడిగాను. నువ్వు ఆ పిల్లను తిడుతుంటే ఊరుకున్నాను."

ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. ఆమె మొహంలో ఏముందో నేను చూడలేదు, కింద ఆమె కాళ్ల వైపు చూస్తున్నాను. గోడ అవతల పక్కింటి వాళ్లు కుర్చీ జరిపారు.

"లేసులు కూడా కట్టావా?" అంది చివరికి.

"కట్టాను."

"బిగించా?"

"లేదు. వదులుగా."

"అమ్మకి వదులుగా ఉంటేనే ఇష్టం," అంది. తలుపు గడియ మీద చేయి వేసి, "ఆ నర్సు అక్కడే పని చేస్తోందో లేదో," అంది, నాతో కాదు. తర్వాత నాతో, "నాలుగున్నరకి లేపు," అంది.

లేపుతానన్నాను. ఆమె లోపలికి వెళ్లి, గడియ చప్పుడు కాకుండా వేలితో పట్టి ఆపుతూ, తలుపు మెల్లగా వేసుకుంది.